నీళ్లు రావు, ఊపు వస్తుంది

అవిసె నూనె వాసన తగిలితే నాకు సముద్రం గుర్తొస్తుంది. ఉప్పుగాలి తగిలితే ఒక గది గుర్తొస్తుంది. తిరగబడ్డట్టుంది గానీ నిజం అదే. చిన్నప్పుడు నేను సముద్రాన్ని సరిగ్గా చూసింది ఒడ్డున నిలబడి కాదు, ఒడ్డుకు కూతవేటు దూరంలో, కిటికీ మూసేసిన ఒక గదిలో కూర్చుని.

ఆ గది ఒక చిత్రకారుడిది. అందరూ ఆయన్ని మాస్టారు అనేవాళ్లు. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు, ఆ పిలుపు ఎలా వచ్చిందో మరి. సముద్రం తప్ప ఇంకో బొమ్మ వేసేవారు కాదు. అదీ అవిసె నూనెతో కలిపిన నూనె రంగుల్లోనే. ఎవరైనా తమ బొమ్మ వేయమని అడిగితే, "మీరు కదలకుండా కూర్చుంటారండీ, నాకు చేయి ఆడదు" అని నవ్వి పంపించేసేవారు.

నాకు 13 ఏళ్లప్పుడు ఒక సెలవురోజు, చెక్క చట్రానికి కాన్వాసు బిగించుకుంటూ అటు చివర పట్టుకునే మనిషి లేక, దారిన పోతున్న నన్ను పిలిచారు. "ఒరేయ్ బాబూ, ఒక్కసారి ఇలా వచ్చి ఈ గుడ్డ లాగి పట్టుకో." పట్టుకున్నాను. నాలుగు వైపులా మధ్యలో ఒక్కో మేకు, అక్కణ్ణించి మూలల వైపుకి. మూలల నుంచి మొదలుపెడితే గుడ్డ మధ్యలో ముడతలు పడుతుందట. అంతా అయ్యాక వేలితో కొట్టి చూపించారు. డప్పులా మోగింది. ఆ తర్వాత మూడేళ్లు నేను ఆ గదిని వదల్లేదు.

తెల్లటి పూత వేసి ఆరబెట్టిన ఆ కాన్వాసు మీద ఆయన మొట్టమొదట పూసిన రంగు చూసి నేను బిత్తరపోయాను. నీలం కాదు. ఆకుపచ్చ కాదు. ఇటుక రంగు. బర్న్‌ట్ సియెన్నాని టర్పెంటైన్‌తో పల్చగా చేసి, పాతగుడ్డతో కాన్వాసంతా రుద్దేశారు. "మాస్టారూ, సముద్రం కదా వేస్తానన్నారు?" అంటే, "తెల్లగుడ్డ మీద ఏ రంగు పెట్టినా ముదురుగానే కనిపిస్తుందిరా, కన్ను మోసపోతుంది. పైగా ఎంత నీలం వేసినా సందుల్లోంచి ఈ ఎరుపు కాస్త కనబడాలి. లేకపోతే చలేస్తుంది బొమ్మకి" అన్నారు. బొమ్మకి చలేయడమేమిటని ఇంటికెళ్లి చాలాసేపు నవ్వుకున్నాను. ఇప్పుడు అచ్చులో తళతళలాడే నీలి సముద్రాలు కనిపించినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. నిజంగానే చలేస్తుంది వాటిని చూస్తే.

ఆయన పొద్దున్నే ఒడ్డుకు వెళ్లేవారు, రంగులు లేకుండా. చేతిలో పెన్సిలు, చిన్న నోటుపుస్తకం. అందులో బొమ్మలకంటే మాటలే ఎక్కువ. "వీపు సీసం రంగు. అంచు పచ్చ, రెండు క్షణాలే. నురగ నీడలో ఊదా." ఇలా ఉండేవి. ఎప్పుడైనా చిన్న అట్టముక్కలూ నాలుగు ట్యూబులూ పట్టుకెళ్తే మాత్రం పావుగంటలో ఒక ముక్క గబగబా పూసి తెచ్చేసేవారు. అసలు పని గదిలోనే. కిటికీ తెరిస్తే గాలి ఇసుక మోసుకొచ్చి తడి రంగు మీద చల్లుతుంది కాబట్టి, ఎదురుగా సముద్రం ఉన్నా కిటికీ మూసేసుకుని దాన్ని జ్ఞాపకంలోంచి తీసి వేసేవారు. అది నాకు మొదట్లో పిచ్చిగా తోచేది.

గోడకు ఏదో పత్రికలోంచి కత్తిరించిన ఒక బొమ్మ అంటించి ఉండేది. పెద్ద కెరటం, విరిగిన తెరచాప కొయ్యను పట్టుకుని వేలాడుతున్న మనుషులు, వెనక పొగమంచులోంచి పసుపు వెలుగు. రష్యన్ చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ 1850లో వేసిన 'తొమ్మిదో అల' అనే బొమ్మ అది. క్రిమియా తీరంలోని ఫియోదోసియాలో పుట్టి, అక్కడే స్థిరపడి, దాదాపు 6000 చిత్రాలు వేశాడని చెబుతారు ఆయన గురించి. ఎక్కువగా సముద్రాలే. ఆయనా జ్ఞాపకంలోంచే వేసేవాడు. నీళ్ల కదలికని ఎదురుగా నిలబడి కుంచెతో పట్టుకోవడం కుదరదన్నది ఆయన నమ్మకం. మాస్టారు ఆ కాగితాన్ని చూపించి, "అసలుది దాదాపు 11 అడుగుల వెడల్పురా. ఇది దాని ఫొటో కూడా కాదు, దాని పుకారు" అనేవారు.

ఇంకో కథ కూడా చెప్పేవారు, చాలా ఆవేశంగా. టర్నర్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు తుఫానును చూడాలని ఓడ కొయ్యకు తనను కట్టేయించుకుని నాలుగు గంటలు అలాగే ఉన్నాడని, ఆ తర్వాతే 1842లో ఆ మంచు తుఫాను బొమ్మ వేశాడని. నేను ఆ కథను క్లాసులో అందరికీ చెప్పి గొప్పలు పోయాను. పెద్దయ్యాక తెలిసింది, చరిత్రకారులు ఆ కథను పెద్దగా నమ్మరని. కాస్త చిన్నబోయాను. మాస్టారికి ఆ సంగతి తెలిసే చెప్పారేమోనని ఇప్పుడు అనుమానం. తెలిసినా మానేసే రకం కాదులెండి.

నాకు కెరటం సంగతి చెప్పింది మాత్రం ఒడ్డుకు తీసుకెళ్లే. ఒక చెక్కముక్కను అలలు విరిగే చోటుకి అవతల పడేలా విసిరి, "చూస్తూ ఉండు, ఒడ్డుకి ఎప్పుడొస్తుందో" అన్నారు. అల వచ్చింది, చెక్క లేచింది, కాస్త ముందుకొచ్చింది, అల దాటిపోగానే వెనక్కి జారి దాదాపు ఉన్నచోటికే చేరింది. మళ్లీ అల, మళ్లీ అంతే. "నీళ్లు రావురా, ఊపు వస్తుంది" అన్నారు. లోతు తగ్గేకొద్దీ ఆ ఊపుకి కింద అడుగు తగులుతుంది. అల నెమ్మదించి నిటారుగా లేస్తుంది. అల ఎత్తుకి సుమారు 1.3 రెట్లు లోతున్న చోటికి వచ్చేసరికి ఇక నిలబడలేక తల వాల్చేస్తుంది. ఆ లెక్క నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. ఆయన లెక్క వేరు. "అలను చూడకు, అది వెళ్లిపోతుంది. చోటును చూడు. అడుగున ఉన్న ఇసుకదిబ్బ అక్కడే ఉంటుంది కాబట్టి ఆ చోట అల ఒకే తీరుగా విరుగుతుంది. పది అలలు చూస్తే ఒక అల తెలుస్తుంది." ఆయన జ్ఞాపకంలోంచి వేసేది అలా పోగైన అలని. ఏ ఒక్క నిమిషంలోనూ లేని అల అది. కానీ చూసినవాళ్లంతా మొన్న చూశాం అనేవాళ్లు.

కెరటం తల వాలేముందు, వెనకనుంచి వెలుగు పడినప్పుడు, అంచు దగ్గర ఒక సన్నటి పచ్చదనం వెలుగుతుంది చూశారా? ఆయన దాన్ని కిటికీ అనేవారు. నీళ్లు వెలుతురులో ముందుగా ఎరుపును మింగేస్తాయి. అంచు పల్చగా ఉంటుంది కాబట్టి మిగిలిన వెలుగు ఆ పొరలోంచి ఇవతలికి వస్తుంది. అడుగున మందం ఎక్కువ, అక్కడ చీకటి. విరిడియన్ అనే ఆకుపచ్చ రంగులో చిటికెడు పసుపు కలిపి ఆ కిటికీ తెరవడానికి ఒక్కోసారి వారం పట్టేది. ముందు చుట్టూ చీకటి సిద్ధం కావాలి, ఆ చీకటి ఆరాలి, అప్పుడు దాని మీద పచ్చ. వెలుగు వేయడమంటే మూడొంతులు చీకటి వేయడమేనని ఆ గదిలోనే తెలిసింది.

నురగ నాకు ఇంకా పెద్ద దెబ్బ. నేను వేసిన మొదటి అల మీద తెల్లరంగు దండిగా పూశాను. చూసి, "ఇది నురగ కాదు, సున్నం" అన్నారు. నీడలో ఉన్న నురగ బూడిద, ఊదా. ఎండ తగిలే చోట కూడా తెలుపులో పసుపు కలవాలి. అసలైన తెలుపు ఏడెనిమిది చుక్కలే, అవీ చివరి రోజున. అల వెనక జాలీలా పరుచుకునే నురగను ఆయన తెల్ల దారాల్లా గీసేవారు కాదు. లేత బూడిద పరిచి, దాని మీద కన్నాలు వేసేవారు, ముదురు నీళ్ల రంగుతో. దూరం వెళ్లేకొద్దీ కన్నాలు చదునైపోయి గీతలయ్యేవి. నీళ్లు ఒక్కసారిగా నేలలా పడుకునేవి.

రంగుల్లో నాకు నిషేధం ఒక్కటే, ప్రష్యన్ బ్లూ. 1700ల మొదట్లో బెర్లిన్‌లో ఎర్ర రంగు చేయబోతే పొరపాటున పుట్టిన నీలం అది. గోరంత పడితే గిన్నెంతా నీలమే. ఒకసారి దాని ట్యూబు మూత పెట్టకుండా నేను మోచేయి ఆనించాను. చొక్కా, తలుపు గొళ్లెం, నా చెవి, ఆయన కళ్లజోడు... రెండు రోజులకు కూడా ఏదో ఒకచోట కనిపిస్తూనే ఉండేది. అల్ట్రామెరైన్ మాత్రం నాకిష్టమైనంత వాడుకోనిచ్చేవారు. ఆ పేరుకి అర్థం సముద్రానికి అవతలిది అని. ఒకప్పుడు అఫ్గాన్ కొండల్లోని బదఖ్షాన్ గనుల నుంచి రాయి యూరప్‌కి వెళ్తే, దాన్ని నూరి ఆ నీలం తీసేవారు. 1828లో ఫ్రాన్స్‌లో గిమే అనే ఆయన దాన్ని కృత్రిమంగా తయారుచేసినందుకు బహుమతి అందుకున్నాడు. లేకపోతే నావంటి కుర్రాడి చేతికి ఆ ట్యూబు ఇచ్చేవారే కాదు ఎవరూ.

ఒక సంగతి మాత్రం నాకు చాలాకాలం మింగుడుపడలేదు. అల లేచి పడటానికి పట్టేది కొన్ని క్షణాలు. దాన్ని వేయడానికి ఆయన పట్టుకున్న రంగేమో ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు తీసుకునేది. అంత తొందరపాటు మనిషిని పట్టుకోవడానికి అంత బద్ధకస్తుణ్ణి పంపడమేమిటి? అడిగేశాను. కుంచె తుడుచుకుంటూ, "అల ఆగదు. కనీసం రంగైనా నాకోసం ఆగాలి కదరా" అన్నారు. నిజమే. తడి ఉన్నంతసేపూ ఆకాశం అంచుని సముద్రంలోకి ఇంత కలపొచ్చు, నచ్చకపోతే పాలెట్ కత్తితో గీకెయ్యొచ్చు. తొందరపడితే మాత్రం నూనె క్షమించదు. కింది పూతల్లో టర్పెంటైన్ ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ నూనె ఎక్కువ ఉండాలి. కింద జిడ్డుగా వేసి దాని మీద పొడిగా వేస్తే, పైది ముందు బిగుసుకుపోయి, కింది పొర కదిలినప్పుడు పగుళ్లిస్తుంది. ముదురు గోధుమ అంబర్ రంగులు గబగబా ఆరతాయి, వాటిలో మాంగనీసు ఉంటుంది. తెలుపు తాపీగా ఆరుతుంది. ఆయన గదిలో ఎప్పుడూ ఐదారు సముద్రాలు గోడకు మొహం తిప్పుకుని ఆరుతూ ఉండేవి. చట్రం వెనక పెన్సిలుతో తేదీలు వేసేవారు, ఏ పూత ఎప్పుడు వేశారో.

ఆరడమంటే నూనె ఎగిరిపోవడమని నేననుకునేవాణ్ణి, తడిబట్టలోని నీళ్లలాగా. కాదట. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నూనె గట్టిపడుతుంది. ఆ పనిలో వేడి పుడుతుంది. అందుకే నూనె తుడిచిన గుడ్డలన్నీ నీళ్ల బకెట్లో వేయాలన్నది ఆ గదిలో మొదటి నియమం. నాకది చాదస్తంలా తోచి, ఒకరోజు వాటిని ఉండచుట్టి మూల డబ్బాలో పడేశాను. కొన్ని గంటల తర్వాత ఆయన కనిపెట్టారు. తిట్టలేదు. నా చేయి పట్టుకుని ఆ గుడ్డల మధ్యలోకి పెట్టారు. వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన మనిషి నుదురులా. ఇంకాసేపు వదిలేస్తే వాటంతట అవే అంటుకునేవి. ఆ వెచ్చదనం నా అరచేతికి ఇంకా గుర్తుంది.

బొమ్మలు కొనడానికి వచ్చేవాళ్లు వేరే తమాషా. "ఇంత బూడిదరంగు ఎందుకండీ, కొంచెం నీలం కొట్టకూడదూ?" "సూర్యుణ్ణి పెట్టండి, ఎర్రగా, గుండ్రంగా." ఒకావిడ కర్టెను ముక్క తెచ్చి దానికి సరిపోయే సముద్రం కావాలంది. ఆయన అందరికీ ఓపిగ్గా "అలాగేనండీ" అనేవారు, ఏదీ చేసేవారు కాదు. ఒక్కరి విషయంలో తప్ప. ఒకాయన వచ్చి, బొమ్మంతా బాగానే ఉంది గానీ ఖాళీగా ఉంది, ఒక పడవ పెడితే తీసుకుంటానన్నాడు. అప్పుడు నాకు పరీక్షలు, నెలన్నర అటు వెళ్లలేదు. వెళ్లాక మాస్టారే చెప్పారు. పాలెట్ కత్తితో దట్టంగా తెల్లటి తెరచాప లేపి మరీ పడవ పెట్టారట. కొంటానన్నాయన మళ్లీ రాలేదు. "పడవ ఏదండీ?" అన్నాను. "చెరిపేశాన్లే" అన్నారు. ఏ బొమ్మో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

చదువుకోసం నేను దూరం వెళ్లేరోజున నాకొక చిన్న సముద్రం ఇచ్చారు. మబ్బు పట్టిన పొద్దు, ఒకే ఒక అల, దాని కిటికీ ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. మిగతాదంతా ఖాళీ నీళ్లు. "పైన వార్నిష్ వేయలేదు. ఇంకా లోపల ఆరాలి. ఏడాది తర్వాత పట్టుకురా, వేసిస్తాను" అన్నారు. సరేనన్నాను. ఏడాది కాదు, నాలుగేళ్లు వెళ్లలేదు. ఐదో ఏడు ఆయన లేరని తెలిసింది. ఆ గది ఏమైందో, మిగతా సముద్రాలు ఎవరింటికి చేరాయో కనుక్కునే ముఖం నాకు లేకపోయింది.

ఇళ్లు మారడంలో ఆ బొమ్మ చాలా ఏళ్లు ఒక అట్టపెట్టెలో, పాత దుప్పటి చుట్టుకుని ఉండిపోయింది. మొన్నీమధ్య తీసి చూస్తే గుండె ఝల్లుమంది. సముద్రమంతా ముసలిదైపోయినట్టు పసుపెక్కింది. నురగ చుక్కలు అరిగిన పళ్లలా ఉన్నాయి. పాడుచేశానే అనుకుని చదివితే తెలిసింది. అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. వెలుతురులో పెడితే ఆ పసుపులో చాలావరకు మళ్లీ విరిగిపోతుంది. కిటికీ పక్క గోడకు తగిలించాను, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకుండా. వారాలు గడిచేకొద్దీ నురగ మెల్లగా తేటపడింది. బద్ధకపు నూనె వెనక్కి రావడంలోనూ బద్ధకమే.

దుమ్ము తుడుద్దామని భూతద్దం పెట్టి చూస్తే కింది మూలన రెండు ఇసుక రేణువులు, రంగులో పాతుకుపోయి. కిటికీ మూసుకునే మనిషి బొమ్మలో ఇసుకెలా పడిందో! ఒక్కసారైనా తెరిచి ఉంటారు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1870లో వేసిన, ఫ్రాన్స్‌లోని త్రువిల్ సముద్రతీరం బొమ్మ ఉంది. అందులోనూ రంగుతోపాటు ఇసుక రేణువులు దొరికాయి, ఒడ్డున కూర్చునే వేశాడనడానికి అవే సాక్ష్యం. రంగును తగరపు ట్యూబుల్లో నింపే ఉపాయాన్ని 1841లో జాన్ రాండ్ అనే చిత్రకారుడు కనిపెట్టాడు కాబట్టి అది కుదిరింది. అంతకుముందు పంది మూత్రాశయపు సంచుల్లో రంగు కట్టుకుని తిరగాల్సి వచ్చేది. ఇదంతా మాస్టారికి చెబితే ఆ పందుల దగ్గరే ఆగిపోయి గంటసేపు నవ్వేవారు.

బొమ్మ వెనక్కి తిప్పితే చట్రం మీద పెన్సిలు తేదీలు ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, ఆరు. నాలుగో వరస మాత్రం గట్టిగా కొట్టేసి ఉంది, చదవడానికి వీల్లేకుండా.

ఆ గోడ మీద పొద్దంతా అది మామూలుగానే ఉంటుంది. సాయంత్రం వెలుతురు కిటికీలోంచి పక్కవాటుగా జారి గోడను ఒరుసుకుంటూ వెళ్లే పది నిమిషాలు మాత్రం రంగులు కనబడవు, రంగు మందమే కనబడుతుంది. కుంచె ఆగినచోటల్లా చిన్న గట్టు, దాని పక్కన చిన్న నీడ. వార్నిష్ మెరుపు అడ్డం లేదు కాబట్టి అన్నీ స్పష్టంగా తేలతాయి. నిన్న అలాగే చూస్తూ ఉంటే కుడివైపు ఖాళీ నీళ్ల మీద ఏదో గీత కనిపించింది. దగ్గరికెళ్లాను. నీలి బూడిద పూత కింద ఉబ్బెత్తుగా, కత్తితో లేపిన మూడు కోణాల గట్టు. దాని కింద అడ్డంగా చిన్న వంపు. తెరచాప, పడవ. ఎండ గోడ దాటి పోయేవరకూ అది ఆ నీళ్ల మీదే ఉంది.